చెక్ ట్రే ఫోటోలు: ఒక ఆక్వా షాపు మార్కెటింగ్ కేస్

రొయ్యల రైతులకు మేత, మినరల్స్, ప్రోబయోటిక్స్ అమ్మే ఒక షాపుకి ఏడాదిన్నర పాటు డిజిటల్ మార్కెటింగ్ చేశాను. షాపు నెల్లూరు జిల్లా తీరంలో ఉంది. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేసి రాస్తున్నాను. కస్టమర్లు తీసే ఫోటోలు, వీడియోలు, పంపే వాయిస్ మెసేజ్‌లను మా వృత్తిలో యూజర్ జెనరేటెడ్ కంటెంట్, పొట్టిగా యూజీసీ అంటాం. దాన్ని వ్యాపారానికి వాడుకోవడంలో నేను ఒక పెద్ద తప్పు చేశాను. ఆ తప్పుకి మూల్యం నేను కట్టలేదు, షాపు యజమాని కట్టలేదు, ఒక రైతు కట్టాడు. ఈ పని చేసే మిగతావాళ్ళు అదే తప్పు చేయకూడదని ఇదంతా రాస్తున్నాను.

నేపథ్యం

ఇందుకూరుపేట నుంచి అల్లూరు దాకా తీరం వెంబడి పోతే ఎటు చూసినా రొయ్యల గుంటలే కనిపిస్తాయి. తొంభైల మొదట్లో టైగర్ రొయ్యతో ఊపందుకున్న సాగు ఆ దశాబ్దం మధ్యలో వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు దెబ్బకి కుదేలైంది. 2009లో వెనామీ అనే విదేశీ రకం రొయ్యకి అనుమతి వచ్చాక మళ్ళీ లేచింది. ఈ షాపు టైగర్ రోజుల్లో పెట్టింది. ఇప్పుడు నడిపేది రెండో తరం. వెనక గదిలో చిన్న ల్యాబ్ ఉంది. నీటి ఉప్పదనం, పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, విబ్రియో అనే బ్యాక్టీరియా చూస్తారు. ఫిషరీస్ చదివిన కుర్రాడు ఒకడు దాన్ని చూసుకుంటాడు.

యజమాని నన్ను పిలిచి చెప్పిన మాట ఒకటే. "తమ్ముడూ, పక్క షాపులోళ్ళు రోజూ రీల్స్ పెడతా ఉండారు. మనం ఎనకబడిపోతా ఉండాం."

షాపుకి అప్పటికే ఒక వెబ్‌సైట్ ఉంది. అందులో ఇరవై దాకా వ్యాసాలున్నాయి. "కరిగిన ప్రాణవాయువు నిర్వహణ", "ఉత్తమ మేత యాజమాన్య పద్ధతులు" లాంటి పేర్లు. కంపెనీల కరపత్రాల నుంచి ఎత్తి రాసినవి. తప్పులేమీ లేవు. కానీ గట్టు మీద నిలబడి ఎవరూ అలా మాట్లాడరు కాబట్టి ఫోనులో ఎవరూ అలా వెతకరు కూడా. నెలంతా కలిపి చదివినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

అసలు సమస్య ఏది?

యజమాని దృష్టిలో సమస్య ప్రచారం తక్కువవడం. నేను ముందు లెక్కల పుస్తకం అడిగాను. మేత అమ్మకం దాదాపు అంతా అప్పు మీదే నడుస్తోంది. పంట చేతికొచ్చాక రైతు డబ్బు కడతాడు. అంటే మేత ఎక్కడ కొనాలన్నది అప్పు ఎవరు ఇస్తారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఎంత మంచి వీడియో పెట్టినా అది మారదు. మారే అవకాశం ఉన్నది ల్యాబ్ దగ్గర. గుంటలో తేడా కనిపించగానే రైతు ఎవరికి ఫోన్ చేస్తాడు, నీళ్ళ శాంపిల్ ఎక్కడికి తెస్తాడు అన్నది నమ్మకం మీద ఆధారపడ్డ విషయం. కాబట్టి మా గురి నెలకు ఎన్ని శాంపిళ్ళు వస్తున్నాయన్న దాని మీద పెట్టాలని కాగితం మీద రాసుకున్నాను.

రాసుకున్న దానికి, తర్వాత చేసిన దానికి పొంతన లేకుండా పోయింది. ఆలోచన ఎక్కడ పక్కకి పోయిందో చెబుతాను.

మొదట చేసినవి

కంపెనీ మాట కన్నా పక్క గుంట రైతు మాటే రైతు నమ్ముతాడు. ఇది నిజం, ఇప్పటికీ నేను నమ్మే విషయమే. దాన్నుంచి నేను తేల్చుకున్నది మాత్రం తప్పు. పక్క రైతు మాట అంటే పక్క రైతు మెచ్చుకోలు అనుకున్నాను. మెచ్చుకోళ్ళు పోగుచేస్తే పని అయిపోతుందనుకున్నాను.

పోటీ ఒకటి పెట్టాం. పట్టుబడి రోజున, అంటే గుంటలోంచి రొయ్యల్ని పట్టే రోజున, మా షాపులో కొన్న మేత బస్తాతో ఫోటో దిగి పంపితే, నెలకు ఒకరికి మినరల్ మిక్స్ బస్తా ఉచితం. రెండు నెలల్లో పద్నాలుగు ఫోటోలు వచ్చాయి. అందులో తొమ్మిది యజమాని బంధువులవి, షాపు కుర్రాళ్ళవి.

ఎందుకు రాలేదో ల్యాబ్ కుర్రాడు ఒక్క నిమిషంలో చెప్పాడు. పట్టుబడి రోజున గట్టు మీద బేరం నడుస్తుంటుంది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్నదే కౌంట్. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది, దాన్ని బట్టే రేటు. ఆ రోజు రైతు తన చేతిలో ఏముందో పదిమందికీ చూపించడు. మంచి పంట పడిందని ఊళ్ళో తెలిస్తే గుంట యజమాని వచ్చే ఏడాది లీజు పెంచుతాడు. అప్పిచ్చినవాళ్ళు సాయంత్రానికి ఇంటి ముందుంటారు. దిష్టి భయం సరేసరి. ఇవేవీ తెలుసుకోకుండా ఎక్కడో బట్టల షాపుకి పనికొచ్చిన పోటీని తెచ్చి గట్టు మీద పెట్టాను.

రెండోది గూగుల్ రివ్యూలు. రివ్యూ రాయమని రైతుల్ని అడగండని మాత్రమే నేను చెప్పాను. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు ఒక అడుగు ముందుకేసి, ఐదు స్టార్లు ఇస్తే బిల్లులో వంద రూపాయలు తగ్గించడం మొదలుపెట్టారు. రివ్యూకి బదులుగా ఏ లాభమూ ఇవ్వకూడదని గూగుల్ నియమం స్పష్టంగా ఉంది. ఒక పొద్దున చూస్తే ఇరవైకి పైగా రివ్యూలు లేవు. వాటితో పాటు పాత రైతులు మనసారా రాసిన నాలుగైదు కూడా పోయాయి. ఏది అసలుదో ఏది కొన్నదో బయటివాళ్ళకి తెలిసే దారి లేకుండా మేమే చేశాం. రివ్యూ అడగమని చెప్పినప్పుడు ఎలా అడగకూడదో కూడా చెప్పి ఉండాల్సింది నేనే.

మూడోది వీడియో. ఇదే అన్నిటికన్నా బాగా ఆడింది. ఇదే అన్నిటికన్నా పెద్ద నష్టం చేసింది.

నలభై సెకన్ల వీడియో

ఒక రైతు గట్టు మీద నిలబడి చెప్పాడు. "గుంటలో తెల్లదారాలు తేలతా ఉండె. ఈ పొడి మూడు రోజులు మేతలో కలిపి పెట్టినా. నాలుగో రోజుకి చెక్ ట్రే ఖాళీ." చెక్ ట్రే అంటే రొయ్య మేత తింటోందో లేదో చూడ్డానికి గుంటలో దించే పళ్ళెం. మేత చల్లిన రెండు గంటలకి పైకి లాగి చూస్తారు. ఖాళీగా ఉంటే రొయ్యకి ఆకలి తిరిగొచ్చినట్టు. వైట్ గట్ అంటే రొయ్య పేగు తెల్లబడి, దాని మలం తెల్లదారాల్లా నీటి మీద తేలే జబ్బు. అది వచ్చిన గుంటలో ఖాళీ ట్రే పెద్ద ఊరట.

ఆ వీడియోని వేలమంది చూశారు. ఆ పొడి నెలలో రెండుసార్లు తెప్పించాల్సి వచ్చింది. యజమాని సంతోషానికి హద్దు లేదు.

ఆ రైతు అబద్ధం చెప్పలేదు. కానీ ఆయన నాకు చెప్పింది నాలుగు నిమిషాలు. అదే వారం మేత సగానికి తగ్గించానన్నాడు, కొంత నీరు మార్చానన్నాడు, రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్ళలోకి గాలి కలిపే యంత్రాలు, ఆపలేదన్నాడు. ఆ ముక్కలన్నీ ఎడిటింగ్‌లో నేనే కోసేశాను. రీల్ పొట్టిగా ఉండాలి కదా అని. మిగిలిన నలభై సెకన్లలో ఉన్నది పొడి, చెక్ ట్రే. అంతే.

ఐదు వారాల తర్వాత ఒక పొద్దున నేను షాపులోనే ఉన్నాను. యాభై దాటిన రైతు వచ్చాడు. నాలుగెకరాలు లీజుకి చేస్తున్నాడు. ఫోను కౌంటర్ మీద పెట్టి ఆ వీడియో వేశాడు. ఏమీ మాట్లాడలేదు. వీడియో అయిపోయి దానంతట అదే మళ్ళీ మొదలైంది. రెండోసారి కూడా అయ్యాక యజమాని వైపు చూసి, "ఈ మాట నమ్మి తొమ్మిది రోజులు ఆగినా నాయనా" అన్నాడు.

ఆయన గుంట శాంపిల్ పీసీఆర్ పరీక్షకి పంపితే ఈహెచ్‌పీ అని వచ్చింది. అది రొయ్య జీర్ణగ్రంథిలో చేరే పరాన్నజీవి. ఎదుగుదలని ఆపేస్తుంది. నయం చేస్తుందని రుజువైన మందు లేదు. తెల్లదారాలు దానివల్లా కనిపించొచ్చు, వేరే కారణాల వల్లా కనిపించొచ్చు. కంటితో తేల్చే విషయం కాదు. మొదటి రోజే శాంపిల్ తెచ్చి ఉంటే, రొయ్య చిన్నగా ఉండగానే పట్టేసి మేత ఖర్చైనా మిగుల్చుకునేవాడు. ఆ తొమ్మిది రోజుల మేత, కరెంటు, పొడి ఖర్చు మా వీడియో ఖాతాలో రాయాల్సిందే.

ఆ రాత్రి వీడియో తీసేద్దామన్నాను. యజమాని ఒప్పుకోలేదు. "రైతు చెప్పింది ఆయన మాట. మనమేం చెప్పినాం?" అన్నారు. ఇది చాలామంది వ్యాపారులు నిజాయతీగా నమ్మే వాదన కాబట్టి, నేను ఏమన్నానో రాస్తాను. వీడియోలో రైతు తన గుంట గురించి చెప్పాడు. దాన్ని కత్తిరించి, మన పేరు వేసి, డబ్బు పెట్టి పదిమందికీ చూపించాం. అప్పుడు అది మన మాట అవుతుంది. తప్పుదారి పట్టించే ప్రకటనల మీద కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇదే కోణంలో ఉన్నాయి. వస్తువు గురించి ఎవరైనా ఇచ్చే సాక్ష్యం వాళ్ళ నిజమైన అభిప్రాయం అయ్యుండాలి, తగిన సమాచారం మీదో అనుభవం మీదో నిలబడాలి, అమ్మేవాడితో సంబంధం ఉంటే అది చెప్పాలి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుడు ప్రకటనకి పది లక్షల దాకా జరిమానా పడొచ్చు.

చట్టం మాటకన్నా యజమానిని కదిలించింది కౌంటర్ మీద రెండోసారి ఆడిన ఆ వీడియోనే అని నాకు తెలుసు. తీసేశాం. ఎందుకు తీసేశామో కూడా పెట్టాం. వైట్ గట్ కనిపిస్తే ముందు పరీక్ష, తర్వాతే మందు అని ల్యాబ్ కుర్రాడి గొంతుతో. ఆ వారం పొడి అమ్మకం పడిపోయింది. పడిపోవాల్సిందే.

కౌంటర్ దగ్గర కూర్చున్నాక

ఆ తర్వాత రెండు రోజులు ఏమీ తీయకుండా, ఏమీ పెట్టకుండా షాపులో ఒక మూల కూర్చున్నాను. వచ్చే ప్రతి రైతూ చేసే పని ఒకటే. జేబులోంచి ఫోను తీసి, స్క్రీన్ ల్యాబ్ కుర్రాడి వైపు తిప్పి, "దీన్ని చూడబ్బయ్యా" అనడం. చెక్ ట్రేలో మిగిలిన మేత, అరచేతిలో రొయ్య, నీటి రంగు, గట్టు మీద చచ్చిన నాలుగు రొయ్యలు. రాలేనివాళ్ళు వాట్సాప్‌లో పంపుతున్నారు, కింద వాయిస్ మెసేజ్‌తో. "అబ్బయ్యా, మబ్బు పట్టి మూడు దినాలాయె. నీళ్ళు పచ్చగా ఉండేది గోధుమరంగుకి తిరిగింది. తెల్లారేసరికి రొయ్య పైకి తేలి తిరగతా ఉంది. ఏం చెయ్యాల?"

ల్యాబ్ కుర్రాడి ఫోనులో అలాంటివి వందలున్నాయి. నేను పోటీలు పెట్టి, బస్తాలు ఆశ చూపి అడుక్కున్నది ఆ ఫోనులో ఎప్పటినుంచో ఉంది. తేడా ఏమిటంటే అందులో మెచ్చుకోలు లేదు, కష్టం ఉంది. పంట బాగున్నప్పుడు రైతు దాచుకుంటాడు. కష్టం వచ్చినప్పుడు తనే ఫోటో తీసి పంపుతాడు. ఈ సాగులో యూజీసీ పుట్టేది అక్కడే.

ఆ వాయిస్ మెసేజ్‌నే వ్యాసం చేద్దామన్నాను. శీర్షిక ఆయన మాటల్లోనే పెట్టాం: "మబ్బు పట్టింది, తెల్లారేసరికి రొయ్య పైకి తేలుతోంది, ఏం చేయాలి?" కింద ఆయన ఫోటో, ఎన్నో రోజు పంట, ఉప్పదనం ఎంత, ఆయన ఏం చేశాడు, ఏమైంది. ఆ కింద విడిగా, వేరే రంగు గడిలో ల్యాబ్ కుర్రాడి వివరణ. మబ్బు రోజుల్లో గుంటలోని ఆల్గే, అంటే సన్నటి నాచు, తయారుచేసే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ నాచు ఒక్కసారిగా చచ్చిపోతే కుళ్ళేటప్పుడు నీళ్ళలో ఉన్న ఆక్సిజన్‌ని కూడా లాగేస్తుంది, రాత్రంతా ఆక్సిజన్ తయారవదు కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువ ఉంటుంది, అప్పటికప్పుడు చేయాల్సింది ఏరియేటర్లన్నీ తిప్పి మేత ఆపడం. ఏ సరుకు పేరూ లేదు.

రెండు గొంతులూ కలపకూడదన్నది ఇక్కడ నేను గట్టిగా పట్టుకున్న నిర్ణయం. రైతు చూసింది రైతు మాటల్లో, దానికి కారణం చదువుకున్నవాడి మాటల్లో. రెండూ కలిపేస్తే ఒక గుంటలో జరిగింది అన్ని గుంటలకీ వర్తించే మందుచీటీ అయిపోతుంది. నలభై సెకన్ల వీడియోలో జరిగింది అదే. ఫలితం చెడ్డదైనా రాయాలన్నది ఇంకో నియమం. మొదటి పది వ్యాసాల్లో మూడు, పంట పోయిన గుంటలవే.

అనుమతి

ఫోటో మనకి వాట్సాప్‌లో పంపారంటే వాడుకోమని ఇచ్చినట్టు కాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటో మీద హక్కు దాన్ని తీసినవాళ్ళది. రైతు సలహా కోసం పంపాడు, మన ప్రకటన కోసం కాదు. ఈ రెండు సంగతులూ షాపులో అందరికీ అర్థమయ్యేదాకా చెప్పాను.

ఫారాలు, సంతకాలు వద్దనుకున్నాం. కాగితం చూడగానే రైతుకి బ్యాంకు గుర్తొస్తుంది, టెన్షన్ పడతాడు. వాయిస్ మెసేజ్‌కి వాయిస్ మెసేజ్‌తోనే అడిగాం. "అన్నా, మీ ఫోటో, మీరు చెప్పిన మాట మా వెబ్‌సైట్‌లో పెట్టొచ్చా? మీ పేరు, ఊరు వెయ్యం. ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం. వద్దన్నా మీకు సలహా మామూలుగానే ఇస్తాం." చివరి వాక్యం లేకపోతే ఆ అడగడం అడగడమే కాదు. షాపుకి బాకీ ఉన్న రైతు కాదనలేడు కదా. జవాబు కూడా వాయిస్‌లోనే తీసుకుని, తేదీ వేసి దాచాం. మూడోవంతు మంది వద్దన్నారు. కారణం ఎవరినీ అడగలేదు.

ఒకసారి పేరు, ఊరు వేయకపోయినా ఒక గుంట బయటపడింది. ఫోటో వెనకాల తల విరిగిన తాటిచెట్టు, దాని పక్కన నీలం రేకుల మోటారు షెడ్డు ఉన్నాయి. మూడు కిలోమీటర్ల అవతలి రైతు చూసి ఎవరిదో చెప్పేశాడు. అప్పటినుంచి ట్రే, చెయ్యి, నీళ్ళు తప్ప ఇంకేమీ కనపడకుండా కత్తిరిస్తున్నాం. ఫోటో ఫైలులో దాగి ఉండే లొకేషన్ వివరం కూడా తీసేసి పెడుతున్నాం.

రైతులే సరిదిద్దారు

మినరల్స్ మీద పెట్టిన వ్యాసానికి ఒక రైతు కాస్త కోపంగానే వాయిస్ పంపాడు. "మీరు చెప్పే లెక్క ఉప్పునీళ్ళ గుంటకి. మాది బోరు నీళ్ళు. ఆ లెక్కన వేస్తే రొయ్య మెత్తబడింది." ఆయన చెప్పింది నిజం. ఉప్పదనం తక్కువున్న నీటిలో పొటాషియం, మెగ్నీషియం కొరత వేరేగా ఉంటుంది, నీటిని పరీక్షించకుండా ఒకే మోతాదు చెప్పకూడదు. ల్యాబ్ కుర్రాడు నొచ్చుకున్నాడు. వ్యాసం చల్లగా మార్చేద్దామన్నాడు.

నేను వద్దన్నాను. పాత వాక్యం కొట్టేసినట్టు కనిపించేలా ఉంచి, పక్కన "ఒక బోరునీటి రైతు చెప్పాక సరిచేశాం" అని తేదీతో రాశాం. చల్లగా మార్చేస్తే పాత మోతాదు అప్పటికే వాడినవాళ్ళకి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఆ దిద్దుబాటు తర్వాతే బోరునీటి రైతులు శాంపిళ్ళు తేవడం మొదలైంది. అప్పటిదాకా ఆ షాపు ఉప్పునీళ్ళవాళ్ళదేనని వాళ్ళ అభిప్రాయం.

కొన్నిటిని మాత్రం ఎంత నిజాయతీగా పంపినా పెట్టలేదు. వాడకూడని యాంటీబయాటిక్ వేస్తే బాగైందని ఇద్దరు చెప్పారు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యల సాగులో నిషేధం. వాటి జాడ దొరికితే విదేశాలకి వెళ్ళిన సరుకు తిరిగొస్తుంది. ఆ ఇద్దరికీ ల్యాబ్ కుర్రాడు స్వయంగా ఫోన్ చేసి మాట్లాడాడు.

ఏం మారింది

లైకులు లెక్కపెట్టడం మానేశాం. శాంపిళ్ళ రిజిస్టర్‌లో ఒక గడి కొత్తగా గీసి, "ఎలా తెలిసింది" అని అడిగి రాయడం మొదలుపెట్టాం. వీడియో బ్రహ్మాండంగా ఆడిన నెలలో శాంపిళ్ళు మామూలుగానే ఉన్నాయి. ప్రశ్నల వ్యాసాలు మొదలైన ఆరు నెలలకి దాదాపు రెట్టింపయ్యాయి. వర్షాకాలంలో జబ్బులు ఎలాగూ ఎక్కువ కాబట్టి అందులో కొంత సీజన్ వాటా అనే నేను తీసుకుంటాను. గడిలో "ఫోనులో చదివి" అని రాసినవి మాత్రం నెలనెలా పెరిగాయి. మేత అమ్మకం ఏమీ పెరగలేదు. అప్పు ఇచ్చే షాపు దగ్గరే ఇప్పటికీ మేత కొంటున్నారు.

ఇప్పుడు ఏ వ్యాపారం నన్ను పిలిచినా మొదటి వారం కెమెరా బయటకి తీయను. వాళ్ళ కస్టమర్ ఎప్పుడు తనంతట తనే ఫోను తీసి ఏదైనా పంపుతాడో అడుగుతాను. ఒంగోలులో ఒక హార్డ్‌వేర్ షాపులో అది విరిగిన కుళాయి ఫోటో. ఎడిటింగ్‌లో కోసేసిన ముక్కల్ని ఒక పక్కన పెట్టి, పంపించే ముందు ఒకసారి వింటాను. కోసిన దాంట్లో ఫలితానికి అసలు కారణం ఉంటే ఆ వీడియో ఆపేస్తాను.

ఈ షాపులో తేలని పని ఒకటి మిగిలింది. వ్యాసాలు నలభై దాటాయి. ఏడాది కిందటి గుంట అనుభవం ఇప్పటి రొయ్య పిల్లకీ, ఇప్పటి నీళ్ళకీ సరిపోతుందో లేదో ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. ల్యాబ్ కుర్రాడికి తీరిక లేదు. ప్రస్తుతానికి ప్రతి వ్యాసం పైన తేదీ పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఏడాది దాటిన వాటి మీద "పాతది, వాడే ముందు ఫోన్ చేయండి" అని ఎర్ర పట్టీ వేశాం. పంటల మధ్య గుంటలు ఎండబెట్టే రోజుల్లో ఇద్దరం కూర్చుని, ఆ నలభైలో ఇప్పటికి పదకొండు చూశాం.